విజయనగరం నుంచి అరకుకు సైకిలు మీద: ఆ ఒక్క రోజు ఎలా గడుస్తుంది?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. శ్రీకాకుళంలో బ్యాంకు ఉద్యోగం, వయసు 41, రక్తపోటుకు మాత్ర వేసుకుంటున్నారు. ఉద్దానం కిడ్నీ రోగుల ప్రయాణ ఖర్చులకు విరాళాలు పోగుచేయడానికి పద్దెనిమిది మంది కలిసి నాలుగు రోజుల సైకిలు యాత్ర తలపెట్టారు. మొదటి రోజు శ్రీకాకుళం నుంచి విజయనగరం, రెండో రోజు విజయనగరం నుంచి అరకు. ఇంతవరకు మీరు ఒక్క రోజులో తొక్కిన ఎక్కువ దూరం కళింగపట్నం వెళ్లి రావడమే, 55 కిలోమీటర్లు. రెండో రోజు మీవల్ల అవుతుందా, ఆ రోజు ఎలా గడుస్తుంది అని అడిగారు.

అవుతుంది. మీ చేతిలో రెండు నెలలు ఉండి, సైకిలుకు తగిన గేర్లు ఉండి, ఉదయం అయిదు గంటలకల్లా విజయనగరం వదిలితే అవుతుంది. ఈ మూడింటిలో జనం తేలిగ్గా తీసుకునేది మూడోది. నేను చూసినంతలో అరకు ఘాట్ రోడ్డులో ఓడిపోయినవాళ్లలో కాళ్లలో సత్తువ లేక ఓడినవాళ్లు తక్కువ. పొద్దు చేజారి ఓడినవాళ్లే ఎక్కువ.

నేను విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయురాలిని. నాకు 49 ఏళ్లు. ఈ దారిలో అరకు దాకా తొమ్మిదిసార్లు తొక్కాను, అందులో అయిదుసార్లు విరాళాల యాత్రలతోనే. రెండుసార్లు మధ్యలో, జట్టు వెనక వచ్చే వ్యాను ఎక్కాను. ఆ రెండింటి గురించీ చెబుతాను, ఎందుకంటే మీకు పనికొచ్చేవి అవే.

ముందు దారి లెక్క. మొత్తం సుమారు 95 కిలోమీటర్లు. మొదటి మూడో వంతు శృంగవరపుకోట (ఎస్.కోట) దాకా, దాదాపు చదునే. అక్కడి నుంచి బొడ్డవర. అది దాటాక ఘాట్ మొదలై టైడా, డముకు మీదుగా అనంతగిరి దాకా ఎక్కుడే. అనంతగిరి చేరగానే కొండ అయిపోయిందని అనుకోకండి, గాలికొండ వైపు ఇంకా మిగిలి ఉంటుంది. ఆ తరువాత కాఫీ తోటల మధ్య ఎక్కుతూ దిగుతూ అరకు లోయలోకి చేరతారు. ఎస్.కోట సముద్రమట్టానికి వంద మీటర్ల లోపే ఉంటుంది. దారి వెయ్యి మీటర్లు దాటి పైకి పోయి, 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకుకు దిగుతుంది. గంట్యాడ, తాటిపూడి మీదుగా నేరుగా బొడ్డవర చేరే దారి కూడా ఉంది కానీ, పద్దెనిమిది మందికి టిఫిన్, మరుగుదొడ్లు, పంక్చర్ దుకాణం ఒక్కచోట దొరకాలంటే ఎస్.కోట మీదుగా పోవడమే మేలు. మీ జట్టులో ఆడవాళ్లు ఉంటే ఈ మాటను రెండుసార్లు చదివించండి. ఎస్.కోట దాటాక అనంతగిరి దాకా ఆ సదుపాయం మీద నమ్మకం పెట్టుకోలేం.

ఘాట్ మొత్తం నిట్టనిలువుగా ఉంటుందని ఊహించుకోవద్దు. సగటున నూరు మీటర్లు పోతే మూడు నాలుగు మీటర్లు ఎక్కుతారు. మలుపుల దగ్గర మాత్రం దానికి రెట్టింపు, అంతకు మించి కూడా ఉంటుంది. ఇబ్బంది వాలుది కాదు, పొడవుది. మూడు నాలుగు గంటలపాటు పెడలు మీద నుంచి బరువు దిగదు. చదునులో కాసేపు తొక్కడం ఆపినా సైకిలు దానంతట అది పోతుంది. ఇక్కడ ఆపితే నిలబడిపోతుంది.

ఎంత తినాలో తెలియడానికి ఒక లెక్క. మీరు, సైకిలు, నీళ్ల సీసాలు కలిపి 90 కిలోలు అనుకుందాం. ఆ బరువును వెయ్యి మీటర్లు పైకి చేర్చడానికి సుమారు 880 కిలోజౌళ్ల పని జరగాలి. మన శరీరం ఖర్చుపెట్టే శక్తిలో నాలుగో వంతు కూడా పెడలుకు చేరదు, మిగిలినదంతా వేడిగా పోతుంది. అంటే ఎత్తు కోసమే దాదాపు 900 కిలోకేలరీలు కావాలి. వండిన అన్నంలో చెప్పాలంటే ముప్పావు కిలోకు కొంచెం తక్కువ. దూరానికి, గాలికి అయ్యే ఖర్చు దీనికి అదనం. ఉదయం రెండు ఇడ్లీలు తిని బయలుదేరే మనుషులను చూస్తే నాకు అందుకే కోపం వస్తుంది.

గేర్ల సంగతి. ముందు చిన్న చక్రానికి 34 పళ్లు, వెనక పెద్ద చక్రానికి 34 పళ్లు ఉంటే, పెడలు ఒక చుట్టు తిప్పినప్పుడు సైకిలు సుమారు రెండు మీటర్ల పది సెంటీమీటర్లు కదులుతుంది. నిమిషానికి అరవై చుట్లు తిప్పితే గంటకు ఏడున్నర కిలోమీటర్లు. ఆ ఘాట్‌కు అదే సరైన వేగం. మామూలు ఒంటి గేరు సైకిల్లో ఒక్క చుట్టుకు అయిదు మీటర్లకు పైగా పోతుంది కాబట్టి, అదే వేగానికి నిమిషానికి పాతిక చుట్లు కూడా పడవు. ప్రతి చుట్టూ మోకాలి మీద మెట్టు ఎక్కినట్టే పడుతుంది. పాలు పోసేవాళ్లు, కట్టెలు తెచ్చేవాళ్లు ఒంటి గేరుతోనే కొండ దారుల్లో తిరుగుతారు కదా అని మా ఊళ్లో ఒకాయన వాదించారు. తిరుగుతారు. ఎక్కుడు వస్తే దిగి నెట్టుకుంటూ పోతారు, వాళ్లకు అందులో నామోషీ లేదు. మీరు కూడా దిగి నెట్టవచ్చు. నిలువుగా ఉన్న మలుపు దగ్గర రెండు వందల మీటర్లు నడిస్తే కాలికి వేరే కండరాలు పని చేస్తాయి, నడుము తిన్నబడుతుంది, పోయే కాలం రెండు నిమిషాలు.

ఇక రోజు ఎలా గడుస్తుందో చెబుతాను.

నాలుగింటికి లేవాలి. ఏదైనా తిని, అయిదింటికి గంటస్తంభం దగ్గర కలవాలి. నవంబరు చివర్లో సూర్యోదయం ఆరు దాటాకే, కాబట్టి ముందు తెల్ల దీపం, వెనక ఎర్ర దీపం లేనివారిని బయలుదేరనివ్వకూడదు. పల్లెలు దాటుతుంటే పొలాల మీద మంచు, ధాన్యం బస్తాల ట్రాక్టర్లు, మనకంటే ముందే లేచిన కుక్కలు. ఇక్కడే మొదటి తప్పు జరుగుతుంది. చల్లగా ఉంటుంది, కాళ్లు కొత్తగా ఉంటాయి, పక్కన స్నేహితుడు ఉంటాడు, ఒకరిని చూసి ఒకరు పాతిక కిలోమీటర్ల వేగం అందుకుంటారు. ఎస్.కోట దాకా గంటకు 16 లేదా 17 చాలు. మాట్లాడుతూ పూర్తి వాక్యం చెప్పగలుగుతున్నారా, అది మీ కొలత. రెండు మాటలకే ఊపిరి ఆగుతుంటే మీరు మధ్యాహ్నానికి దాచుకోవలసింది ఇప్పుడే ఖర్చు పెడుతున్నారు.

ఏడు, ఏడుంపావుకు ఎస్.కోట. ఇక్కడ తినేదే అసలు టిఫిన్. నూనె ఓడే పూరీలు, మైసూరు బజ్జీలు వద్దు. ఇడ్లీ, ఉప్మా, అరటిపండ్లు. నేనైతే ఇంటి నుంచి చోడి (రాగి) అంబలి సీసాలో తెచ్చుకుంటాను. మజ్జిగ, ఉప్పు కలిపిన అంబలి కడుపులో బరువు పెట్టదు. ఎనిమిదిలోపు లేవాలి. బొడ్డవర దాటి తొలి మలుపు ఎక్కేసరికి ఎనిమిదిన్నర అయితే మీ రోజు మీ చేతిలో ఉన్నట్టే.

అక్కడి నుంచి జట్టు అనేది ఉండదు. ఎవరి వేగం వాళ్లది. పక్కవాళ్లతో సమానంగా పోవాలని చూస్తే ఇద్దరూ చెడతారు. గంటకు ఒకసారి, నీడ ఉన్నచోట, అయిదు నిమిషాలు ఆగాలి. పావుగంట కూర్చుంటే కాళ్లు బిగుసుకుపోతాయి. గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్లు, ఒక్కసారిగా కాకుండా గుక్కలుగా. ఉత్త నీళ్లే తాగుతూ పోవద్దు, చెమటతో పోయిన ఉప్పు తిరిగి రావాలి. మందుల దుకాణంలో దొరికే ఓఆర్ఎస్ పొట్లాలు చాలు, లేకపోతే లీటరు నీటికి ఆరు చదును చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు.

ఎడమవైపు తిరిగే మలుపుల్లో లోపలి అంచు అన్నిటికంటే నిటారుగా ఉంటుంది. వెనక వాహనం లేదని చూసుకుని, కొంచెం బయటికి, మీ వరుస మధ్యకు జరిగి తిరగండి. పైనుంచి వచ్చే బస్సులు మలుపులో రోడ్డంతా తీసుకుంటాయి, హారన్ వినిపిస్తే ఆగిపోండి. చెవుల్లో పాటలు పెట్టుకోవడం ఈ దారిలో నేను ఎవరికీ ఒప్పుకోను. ఘాట్ ఎక్కే రోజును ఆదివారం మాత్రం పెట్టుకోకండి, విశాఖ కార్లన్నీ అక్కడే ఉంటాయి. రహదారి విస్తరణ పనులు కూడా జరుగుతూ వచ్చాయి, కొన్నిచోట్ల కంకర తేలి ఉండవచ్చు. ఒక వారం ముందు మీలో ఒకరు మోటారు సైకిలు మీద వెళ్లి చూసి రావడం మంచిది.

ఎంత దూరం ఉందని దారిలో ఎవరినీ అడగకండి. "ఇక్కడికి దగ్గరేనమ్మా, రెండు మలుపులు" అంటారు. వాళ్లు అబద్ధం చెప్పరు, వాళ్ల దృష్టిలో అది దగ్గరే. డముకు దగ్గర కోతులు ఉంటాయి. హ్యాండిల్‌కు తగిలించిన సంచిలో అరటిపండ్లు కనిపిస్తే ఆ సంచి మీది కాదు.

పదకొండు, పన్నెండు మధ్య ఒక గంట వస్తుంది. మనసు బాగా కిందికి పోతుంది. వచ్చిన దూరం కనిపించదు, మిగిలినది కనిపించదు, అంతా చెట్లే. ఇంటికి వెళ్లిపోదామనిపిస్తుంది. నాకు తొమ్మిదిసార్లూ అనిపించింది. చాలాసార్లు అది ఆకలి మాత్రమే. రెండు ఖర్జూరాలు, ఒక బెల్లం ముక్క తిని పది నిమిషాలు ఆగి చూడండి. లోయ వైపు నుంచి రైలు కూత వినిపిస్తుంది. కొత్తవలస, కిరండూల్ మధ్య నడిచే లైను అది, యాభైకి పైగా సొరంగాల్లోంచి అదే కొండను ఎక్కుతుంది. ఎందుకో తెలియదు కానీ, దాని కూత వింటే నాకు ధైర్యం వస్తుంది.

ఒంటి గంట ప్రాంతంలో అనంతగిరి. భోజనం సగం కడుపుకే. ఆ తరువాత అరకు దాకా పాతిక కిలోమీటర్ల పైచిలుకు. దీన్ని తేలికగా తీసుకోవద్దు. దిగుళ్లు ఉంటాయి, చేతులు అలసి ఉంటాయి, పొద్దు వాలుతుంది. బ్రేకు అదేపనిగా నొక్కి పట్టకండి, చక్రపు రిమ్ము వేడెక్కి ట్యూబు పగలవచ్చు. మలుపు రాకముందే గట్టిగా నొక్కి వేగం తగ్గించి, వదిలి, మళ్లీ నొక్కాలి. ముందు బ్రేకు, వెనక బ్రేకు రెండూ వాడాలి. ఒకసారి మా జట్టులో ఒక అబ్బాయి సైకిలుకు బ్రేకు రబ్బర్లు అరిగి, కిందనున్న ఇనుము రిమ్మును గీస్తున్న శబ్దం సుంకరిమెట్ట దగ్గర వినిపించింది. ముందురోజు సైకిలు బాగు చేయించానన్నాడు. కడిగించాడట.

నాలుగు, నాలుగున్నరకు అరకు. ఆ సమయానికి వలిసె పూల చేలు పసుపుగా ఉంటాయి, ఫొటోలకు సరిపోయినంత వెలుగు ఇంకా ఉంటుంది. రాత్రి చలి ఎక్కువ, డిసెంబరులో పది డిగ్రీల కిందికి కూడా పోతుంది. తడిసిన బనీను వెంటనే మార్చుకోవాలి.

ఇప్పుడు నేను వ్యాను ఎక్కిన మొదటిసారి సంగతి. జెండా ఊపే కార్యక్రమాన్ని ఘాట్ రోజు ఉదయం పెట్టుకోకండి. మేము పెట్టుకున్నాం. ఆరు గంటలకు రావలసిన అతిథి ఎనిమిదింటికి వచ్చారు. దండలు, ప్రసంగాలు, బ్యానరు వెనక ఫొటో. కదిలేసరికి ఎనిమిదిన్నర. పన్నెండు గంటల ఎండలో బొడ్డవర దాటాం. టైడా దగ్గరకే మా వాళ్లలో నలుగురికి పిక్కలు పట్టేశాయి, నేను కళ్లు తిరిగి గట్టు మీద కూర్చున్నాను. అనంతగిరిలో చీకటి పడుతుంటే మిగిలినవాళ్లను ఆపించి అందరం వ్యానులోనే అరకు చేరాం. మరుసటి ఏడాది నుంచి జెండా ముందురోజు సాయంత్రం ఊపిస్తున్నాం. మీకు ఇంకా తేలిక, మీ ఆరంభం శ్రీకాకుళంలోనే కదా. అక్కడితో సరిపెట్టుకోండి, విజయనగరంలో మళ్లీ సన్మానం అంటే చేతులు జోడించి వద్దనండి.

రెండోసారి సంగతి చెప్పడానికి కొంచెం సిగ్గుగా ఉంది. మోకాలు నొప్పిగా ఉందని ఎస్.కోటలో ఒక నొప్పి మాత్ర, టైడాలో మరొకటి వేసుకున్నాను. నీళ్లు సరిగా తాగలేదు. సాయంత్రానికి మూత్రం చిక్కటి టీ రంగులో వచ్చింది, వాంతులు. మర్నాడు డాక్టరు గారు పరీక్షలు చేయించి, "మీరు ఎవరి కోసం సైకిలు తొక్కుతున్నారు?" అని అడిగారు. కిడ్నీ రోగుల కోసం అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు.

ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలకు రక్తం చేరడమే తగ్గుతుంది. డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు ఆ రక్తనాళాలను తెరిచి ఉంచే ఏర్పాటునే అడ్డుకుంటాయి. గంటల తరబడి చెమట కారే రోజున ఈ రెండూ కలిస్తే మంచి కిడ్నీలు కూడా దెబ్బతింటాయి. రక్తపోటుకు వాడే కొన్ని మాత్రలు మూత్రం ఎక్కువ పోయేలా చేస్తాయి, కొన్ని గుండె వేగాన్ని పెరగనివ్వవు. మీ మాత్ర ఏ రకమో నాకు తెలియదు కాబట్టి, చీటీ పట్టుకుని మీ డాక్టరు దగ్గరకు వెళ్లి, "రోజంతా కొండ ఎక్కుతాను, ఈ మాత్ర ఎలా వేసుకోవాలి?" అని ఇదే మాటల్లో అడగండి. మీ అంతట మీరు మానేయవద్దు. వ్యానులో నొప్పి మాత్రల పెట్టె ఉంచకండి. నొప్పి భరించలేనంతగా ఉంటే అది వ్యాను ఎక్కమని చెప్పడమే.

విరాళాల గురించి మీరు అడగలేదు కానీ ఒక మాట. కిలోమీటరుకు ఇంత అని దాతలతో ఒప్పుకోవద్దు. మా జట్టులో ఇంటరు చదివే కుర్రవాడికి వాళ్ల మావయ్య కిలోమీటరుకు వంద రూపాయలు ఇస్తానన్నారు. రెండు కాళ్లూ పట్టేసినా ఆ పిల్లవాడు వ్యాను ఎక్కనంటాడు. "ఇక్కడ దిగిపోతే నాలుగు వేలు పోతాయి టీచర్" అని ఏడుపు. డయాలసిస్ చేయించుకునేవారు వారానికి రెండు మూడుసార్లు వెళ్లాలి, ఒక్కోసారి నాలుగు గంటలు యంత్రం దగ్గరే. చికిత్స ఖర్చు ప్రభుత్వ పథకం కింద సరిపోయినా, రానుపోను బాడుగ, తోడు వచ్చే మనిషి పోగొట్టుకునే కూలి భారం మిగిలే ఉంటుంది. ఆ డబ్బు మీ పిక్కల మీద ఆధారపడకూడదు. మొత్తం ముందే తీసుకుని, నేరుగా సంస్థ ఖాతాలో వేయించి, రసీదులు ఇప్పించండి. విరాళం మీద ఆదాయపు పన్ను మినహాయింపు అడిగే దాతలకు ఒక సంగతి ముందే చెప్పండి, నగదుగా ఇచ్చేది రెండు వేల రూపాయలు దాటితే ఆ మినహాయింపు రాదు.

వ్యాను ఎప్పుడూ అందరికంటే వెనక ఉన్న మనిషి వెనకే ఉండాలి. డ్రైవరుకు విసుగు పుట్టి ముందుకు పోయి టీ దుకాణం దగ్గర ఆపుతారు, అది జరగనివ్వకండి. ఘాట్‌లో చాలాచోట్ల ఫోను పనిచేయదు. ఎక్కడెక్కడ ఆగి లెక్క చూసుకోవాలో ముందే కాగితం మీద రాసి అందరికీ ఇవ్వండి. మేము బొడ్డవర, టైడా, డముకు, అనంతగిరి అని పెట్టుకుంటాం. మధ్యాహ్నం రెండున్నరకు అనంతగిరి చేరనివారు వ్యాను ఎక్కాలి, ఎవరైనా సరే.

రెండు నెలల సాధన విషయానికి వస్తే, మీకు దగ్గర్లో పెద్ద కొండ లేదని దిగులు వద్దు. మధ్యాహ్నం మూడింటికి శ్రీకాకుళం నుంచి కళింగపట్నం వైపు తొక్కండి. సముద్రపు గాలి ఎదురుగా కొడుతుంది. ఎదురుగాలిలో గంటన్నర ఆగకుండా తొక్కడం చాలావరకు కొండ ఎక్కడంలాంటిదే, పెడలు మీద నుంచి బరువు దిగదు. వారానికి ఒకరోజు శాలిహుండం కొండ ఎక్కి దిగండి, నాలుగుసార్లు, తరువాత ఆరుసార్లు. నెల తిరిగాక వరుసగా రెండు రోజులు పెట్టుకోండి, శనివారం 60, ఆదివారం 50. మీ అసలు పరీక్ష మొదటి రోజు 70 కిలోమీటర్లు తొక్కిన కాళ్లతో రెండో రోజు లేవడం కాబట్టి, ఒక్క రోజు వంద తొక్కడం కంటే ఈ జంట రోజులే ఎక్కువ పని చేస్తాయి. సీటు ఎత్తు సరిచూసుకోండి. మడమను పెడలు మీద పెట్టి కిందికి దించినప్పుడు కాలు పూర్తిగా చాపినట్టు ఉండాలి. మన దగ్గర సగం మంది మోకాలి నొప్పులు సీటు కిందికి ఉండటం వల్లనే.

నవంబరు మూడో వారం తరువాత తేదీ పెట్టుకోండి. అంతకుముందు తుపాన్ల భయం, హుద్‌హుద్, తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయని మీ జిల్లావారికి నేను చెప్పనక్కర లేదు.

మీ సైకిలు ఏ కంపెనీదో రాశారు కానీ గేర్లు రాయలేదు. వెనక ఉన్న అన్నిటికంటే పెద్ద చక్రానికి, ముందున్న అన్నిటికంటే చిన్న చక్రానికి ఎన్ని పళ్లు ఉన్నాయో సుద్దముక్కతో ఒక పన్ను మీద గీత పెట్టి లెక్కపెట్టి ఇక్కడ రాయండి. వెనక 28 మాత్రమే ఉంటే మార్పించాలి. దానికి చెయిన్ కూడా మార్చవలసి వస్తుందో లేదో చూసి చెబుతాను.